మిరపపండుకు దిగివచ్చిన చిలుక

అనగనగా ఒక రాజు. మబ్బులు కాళ్ళ కిందుగా పోయేంత ఎత్తైన కొండ మీద ఆయన రాజ్యం. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఇంకా పైన, శిఖరం మీద శీతలుడనే మాంత్రికుడు ఉండేవాడు. కింద ఎవరి పెరట్లో మొక్క తలెత్తినా ఉఫ్‌మని మంచు ఊదేవాడు. పాపం, ఆ ఊళ్ళ పిల్లలకు కాయగూరల రుచే తెలియదు!

"నా శిఖరం మీద ఒక్క కాయ పండించండి, ఊదడం మానేస్తాను. పండించలేనివాడు రాయైపోతాడు" అని రాజుగారి కొడుకులకు పందెం పెట్టాడు శీతలుడు.

రాజుగారి తల్లి ఎండు సొరబుర్రలో బూడిద కలిపి దాచిన మిరపగింజలు తీసింది. "మా అత్తగారి అత్తగారి నాటివి నాయనా. గింజకూ ముసలితనం ఉంటుంది. ఈ ఏడు మొలవకపోతే ఇక మొలవవు" అంటూ ముగ్గురికీ పంచింది.

పెద్దవాడు వెళ్ళాడు. ఎండ కాసింది, విత్తాడు, మొలిచింది. ఉఫ్! రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళాడు. ఎండ కాసింది, విత్తాడు, మొలిచింది. ఉఫ్! వాడూ రాయైపోయాడు.

మూడోవాడు పింగళుడు. శిఖరమెక్కి, రాళ్ళైన అన్నలను తడిమి తడిమి ఏడ్చాడు. తీరా మూట విప్పితే, ఒక చీమ గింజను లాక్కుపోతోంది.

"ఓసి దొంగా!"

"దొంగను కాదు బాబూ, ఆకలిదాన్ని."

"సరే తీసుకో. ఒక్కటే సుమా!"

చీమ మురిసిపోయింది. "ఆ ఎండను నమ్మకు, బాబూ. నేల ఇంకా చల్లగానే ఉంది. ఆకలికి ఆగలేక నేనొచ్చాను గానీ, మావాళ్ళెవరూ పుట్ట దాటలేదు."

చూశారా పిల్లలూ! ఎండ వెచ్చబడటం వేరు, నేల వెచ్చబడటం వేరు. గింజ పడుకునేది నేలలో కదా!

పింగళుడు అక్కడే గుడిసె వేసుకుని, గింజలను కుండపెంకుల్లో నాటి, పొయ్యి పక్కన పెట్టాడు. మొలకలను పగలు కాసేపు గాలికి తిప్పి, సాయంత్రం లోపలికి తెచ్చేవాడు. కొత్త పిల్లలను బడికి మెల్లగా అలవాటు చేస్తామే, అలాగన్నమాట.

"మొక్కలకు ఉయ్యాల కూడా కట్టవోయ్!" అని వెక్కిరించాడు శీతలుడు.

"కడతాను తాతా, జోలపాట నువ్వు పాడు!"

ఒకనాడు చీమలు బారులు తీరి బయటికొచ్చాయి. అప్పుడు పింగళుడు మొక్కలను ఇద్దరన్నల నడుమ నాటాడు. రాయి పగటి వేడిని దాచుకుని చీకటి పడ్డాక వదులుతుంది. రాళ్ళైనా అన్నలు అన్నలే కదా!

ఉఫ్! మొక్కలు వణికాయి, నిలిచాయి. ఉఫ్! ఆకులు ముడుచుకున్నాయి, నిలిచాయి. పూశాయి, కాశాయి.

చీమ పరుగున వచ్చింది. "శీతలుడి ప్రాణం వాడి చిలుకలో ఉందట. వాడి చెరలో ఉండి దానికి మేత వేసే రాకుమారి కనకాంగి చెప్పింది. ఆ చిలుక మిరపపండంటే పడిచస్తుందట!"

కాయ ఎర్రబడింది. శీతలుడు మూడోసారి బుగ్గలు పూరించాడు. సరిగ్గా అప్పుడే కనకాంగి పంజరం తలుపు తీసింది. చిలుక రివ్వున వచ్చి మిరపపండు మీద వాలింది. పింగళుడు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చంపకు బాబూ!" అని కూలబడ్డాడు మాంత్రికుడు.

"చంపను. మా అన్నలను లేపు. కనకాంగిని వదిలిపెట్టు. ఇకమీదట చలికాలంలోనే ఊదు."

రాళ్ళు కదిలాయి. "అబ్బ, వీపంతా మిరపాకు గిలిగింతలే!" అన్నాడు పెద్దన్న.

పింగళుడికీ కనకాంగికీ పెళ్ళయింది. విందులో అందరూ మిరపకాయ కొరికి, కళ్ళ నీళ్ళతో నవ్వారు. నాయనమ్మ మాత్రం పండిన కాయలను ఏరి ఎండబెట్టి, గింజలు సొరబుర్ర నిండా నింపి, చెవి దగ్గర ఆడించి చూసుకుంది. గలగల!

వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో ఇప్పటికీ, చీమలు బయటికొస్తే గాని ఎవరూ విత్తనం వేయరు.