గరికమెట్ట గుంటలు: అలుగుతల్లి వెలసిన కథ

గరికమెట్ట మీద వినాయకుని గుడికి ఎక్కే మెట్లకు ఎడమపక్కన కంచె వేసిన గరికమడి ఒకటి ఉంది. మడి నిండా గుంటలే. "ఇంత పచ్చిక పెంచి ఇలా వదిలేశారేమిటి?" అని యాత్రికులు అడుగుతుంటారు. మడి మధ్య బంతిలా ముడుచుకున్నట్టుండే నల్లరాయే అలుగుతల్లి. ఆమె కథ తెలిస్తే గుంటల సంగతీ తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ పైడయ్య, అచ్చియ్యమ్మ అనే దంపతులు స్వామివారి పూజకు గరిక పెంచేవారు. వారి ఏడేళ్ల కూతురు వరహాలుకు జ్వరం పట్టి విడవలేదు. నలభై రోజులు తమ మడి గరికతోనే పూజ చేయిస్తామని, ఒక్కరోజూ తప్పనివ్వమని మొక్కుకున్నారు. ఇరవయ్యారో నాటి ఉదయం మడిలో పది గుంటలు కనిపించాయి. మర్నాడు ఇరవై.

ఇక్కడ కాస్త నిదానించాలి. గుంటను చూస్తే తవ్విందెవరో తెలుస్తుంది. అడవిపంది నాగలి పోయినట్టు నేలను తిరగేస్తుంది. పందికొక్కు కన్నం ముందు మట్టిని గుట్ట పోస్తుంది. ఏదుపంది దుంపలు కొరికి పారేసి, ఒకటో రెండో ముళ్లు రాల్చిపోతుంది. ఈ గుంటలు అలా లేవు. చిన్నవి, లోతైనవి. లోపల పొడవాటి గోళ్ల గీతలు, అడుగున చెదల గూడు.

"ఓపాలి వంగి చూడయ్యా, పందయితే ఇలగ తవ్వుద్దా?" అంది అచ్చియ్యమ్మ.

"పంది కాకపోతే పేరంటానికొచ్చినోళ్లు తవ్వీసేరేటే? పిల్ల అలగ పడుంటే గుంటలు చూసుకుంటూ కూకోమంటావా!" అన్నాడు పైడయ్య. అతను వంగలేదు.

మరుసటి వేకువనే గునపం పట్టుకుని కంచె పక్కన కూర్చున్నాడు. మంచులో ఏదో మూపు కదిలింది. కొట్టాడు. అది పారిపోలేదు, ముడుచుకుంది. పందయితే పరుగెత్తేదే అని అతనికి తోచలేదు. మళ్లీ మళ్లీ కొట్టాడు. తెల్లవారాక చూస్తే ఒళ్లంతా పెంకులున్న అలుగు. చీమలూ చెదలూ తప్ప మరేదీ తినని ప్రాణి. చుట్ట విప్పితే కడుపు దగ్గర దాని పిల్ల. అదీ చనిపోయింది.

ఆ తరువాత గుంటలు పడలేదు. తినేవాళ్లు లేక చెదలు మాత్రం పెరిగాయి. పది రోజుల్లో గరిక వేళ్లు తెగి, పట్టుకుంటే చాపలా లేచి వచ్చింది. ముప్ఫయ్యెనిమిదో నాడు స్వామికి పచ్చని పోచ ఒక్కటి దొరకలేదు. ఆ సాయంత్రమే వరహాలు కన్నుమూసింది.

బిడ్డ పోయిన పదకొండో రోజున అచ్చియ్యమ్మకు కలలో అలుగు కనిపించింది. శపించలేదు. "నీ బిడ్డ ఏదని నువ్వు నన్నడుగు, నా బిడ్డ ఏదని నేను నిన్నడుగుతాను. ఇద్దరి దగ్గరా జవాబు లేదు. అందుకని నన్ను ఇక్కడే కూర్చోబెట్టు" అంది. పైడయ్య కింద పారే గెడ్డలోంచి ఈ రాయిని మోసుకొచ్చి నిలిపాడు. మడిని మళ్లీ నాటాడు. బతికినన్నాళ్లూ పొద్దున్నే మోకాళ్ల మీద వంగి గుంటలన్నీ చూసేవాడు. "ఇప్పుడు చూస్తే ఏటి లాభం" అని తనే అనుకునేవాడట.

నేటికీ సాయంకాలం మడి చుట్టూ జల్లించిన బూడిద చల్లుతారు. ఉదయం పూజారి వంగి అడుగులు చూసి, వచ్చిన జంతువు పేరు పైకి చెప్పాకే దీపం పెడతారు. పోల్చుకోలేని నాడు "తెలియలేదు తల్లీ" అని ఒప్పుకుంటారు. ఆ రోజు ఈ మెట్ట మీద ఏ జంతువునూ తరమరు. అలుగు తవ్విన గుంటను ఏనాడూ పూడ్చరు.

ఈ తల్లికి మొక్కులు లేవు. కోరికలు తీరుస్తుందని పెద్దలెవరూ చెప్పలేదు. బిడ్డను పోగొట్టుకున్న అమ్మలు వచ్చి రాయి పక్కన కూర్చుంటారు. ఎంతసేపు కూర్చున్నా లేవమని ఎవరూ అనరు. పైన స్వామి గుడికి తలుపులు మూసే వేళ ఉంది గాని, ఈ కంచెకు తలుపే లేదు. ఈ తల్లి అనుగ్రహం అంతవరకే.