గవరయ్యగారి త్యాగం

కాకినాడలో ఓ డాక్టరుగారి ముందుగదిలో పెద్ద గాజుతొట్టి ఉంది. అందులో పడమటి ఆఫ్రికా చేపలు కొన్ని కాపురం ఉంటున్నాయి. వాళ్ల ఆచారమే వేరు. ఆడది గుడ్లు పెడితే, మగాడు వాటిని నోట్లో పెట్టుకుని, తిండి మానేసి, పిల్లలయ్యేదాకా మోస్తాడు. అవునండీ, మగాడే! నమ్మకపోతే మీ ఖర్మ. అలా మోసేవాడికి తొట్టిలో ఉన్న ఒక్కగానొక్క మట్టికుండ వదిలెయ్యాలని కట్టుబాటు.

ఈసారి నోరు నిండింది ముత్యాలుకి. అతని పెళ్లాం గులాబి కుండ దగ్గరికి వెళ్లేసరికి, గవరయ్య బుగ్గలు పూరించుకుని లోపల తిష్ఠ వేసి ఉన్నాడు. పెళ్లామే లేనివాడికి పిల్లలెక్కడివని ఒక్కరైనా అడిగితేనా! "అబ్బ, ఎంత త్యాగం!" అని తొట్టంతా ఒకటే పొగడ్త.

గులాబికి కాళ్లూ చేతులూ లేవు గానీ, ఉంటే ఆడేవి కావు. పిల్లలు నేడో రేపో బయటికొస్తారు. అవతల పులిచారల చేపలు గుటకలు మింగుతున్నాయి. అడుగున చెత్త ఏరుకునే జెల్ల పెద్దమ్మ దగ్గరికి ఏడుస్తూ పోయింది.

"పెద్దమ్మా, నా పిల్లల్ని ఆ పులిచారలోళ్లు మింగేస్తారే!"

"ఊరుకోవే పిచ్చిదానా. వాడి బుగ్గల్లో ఉన్నవి పిల్లలో పిడకలో నేను తేలుస్తాగా. సన్మానం పెడదాం."

"నా కడుపు మండుతుంటే, వాడికి సన్మానమా?"

"ఇద్దరికీనే. చూస్తూ ఉండు."

సభ కూడింది. నాచు శాలువాలు కప్పారు. పెద్దమ్మ మీసాలు సవరించుకుని, "ముత్యాలూ, నీ కష్టం గురించి రెండు ముక్కలు చెప్పు నాయనా" అంది.

ముత్యాలు తల అడ్డంగా ఊపి, పెళ్లాం పక్కన ఒదిగాడు.

"పోనీలే. గవరయ్యగారూ, తమరే చెప్పాలి. ఇంతటి త్యాగిని మా తరంలో చూడలేదు!"

గవరయ్య కూడా మొదట తల ఊపాడు. "మాట్లాడాలి, మాట్లాడాలి!" అని జనం తోకలు చరిచారు. ఇంక ఆగడం వాడి తరమా?

"సభకు నమస్కారం! తండ్రంటే..."

నోట్లోంచి టపటపా గులకరాళ్లు రాలాయి.

"అచ్చం మీ పోలికేనండీ పిల్లలు! బరువెక్కువ, కదలిక తక్కువ" అంది పెద్దమ్మ.

పులిచారలోళ్లు సైతం పగలబడి నవ్వారు. గవరయ్య శాలువా నెత్తిన కప్పుకుని ఫిల్టరు వెనక్కి జారుకున్నాడు. గులాబి మొగుణ్ణి కుండలోకి తోసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ సాయంత్రం ముత్యాలు నోరు విప్పాడు. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు.

నీతి: మోసేవాడికి మైకు అక్కర్లేదు.