సుంకమ్మ వంతు

వినేవాళ్ళుంటే చెప్పేవాళ్ళకు ఓపికొస్తుంది. వినండి.

వెనకటికెప్పుడో, మా జేజి చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఎర్రగుట్టల కింద ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో సుంకమ్మ అని, చీపుర్లు కట్టే ఆమె ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. గుట్టెక్కి గడ్డి కోసేది, చీపుర్లు కట్టేది, పట్నం పోయి అమ్ముకొనేది.

గడ్డిలో పాములుంటాయి. అందుకని ఆమె ముందు ఎప్పుడూ ఒక కుక్క నడిచేది. అది మొరిగితే సుంకమ్మ ఆగేది. అది నడిస్తే సుంకమ్మ నడిచేది.

మొదటి కుక్క పేరు కర్రోడు. ఒకరోజు గడ్డిలో మూతి పెట్టాడు. రక్తపింజర కాటేసింది. సుంకమ్మ వాడి మెడకు తాడు కట్టి, "దా నాయనా, బిరబిరా దా" అంటూ పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి నడిపించింది. ఆయన గడప కనపడేసరికి కర్రోడు పడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

రెండో కుక్క బూడిదోడు. వాణ్ణి ముందుకాలి మీద రక్తపింజర కాటేసింది. ఈసారి సుంకమ్మ నడిపించలేదు. ఊళ్ళోవాళ్ళు చెప్పినట్టు కాలికి తాడు బిగించింది. కొడవలి మొనతో కాటు మీద గాటు పెట్టింది. కాలు నల్లబడింది, నెత్తురు ఆగలేదు. బూడిదోడు ఆమె చెయ్యి నాకుతూ నాకుతూ పోయాడు.

గాటు పెట్టిన ఆ చేత్తో చాలా రోజులు ఆమె అన్నం కలుపుకోలేకపోయింది.

తర్వాత పట్నం పోయినప్పుడు, గుర్రాల డాక్టరు ఇంటి ముందు చీపుర్లు దించింది.

"అయ్యా, కుక్కకు పురుగు ముడితే ఏం చెయ్యాల?"

"కొయ్యొద్దు, కట్టొద్దు, నడిపించొద్దు," అన్నాడు డాక్టరు. "నడిచేకొద్దీ విషం ఒళ్ళంతా పాకుతుంది. కదలనియ్యకుండా ఎత్తుకొని తొందరగా తీసుకురా. నా దగ్గర సూదిమందుంది. బతుకుతుందని మాటివ్వలేను. తెస్తే చూస్తా."

ఇంక కుక్కను పెంచనని సుంకమ్మ అనుకుంది. కానీ నుదుటి మీద తెల్లమచ్చతో ఒక ఆడకుక్క తనంతట తానే వెంటపడింది. సుంకమ్మ దాన్ని చుక్క అని పిలిచింది. చుక్క ముందు నడుస్తుంటే వెనక సుంకమ్మ ముసలిదైంది.

ఒక ఎండాకాలం, పొద్దు నడినెత్తికొచ్చిన వేళ, చుక్క కెవ్వుమనింది. మూతి మీద కాటు. చూస్తుండగానే మొహమంతా వాచింది. సుంకమ్మ కొడవలి అక్కడే పారేసింది. గడ్డి మూటగట్టే దుప్పట్లో చుక్కను పడుకోబెట్టి రెండు చేతుల మీదికి ఎత్తుకుంది.

"కదలొద్దు తల్లీ. నేను నడుస్తా."

గుట్ట దిగింది. దోవ పక్కన శెనక్కాయ చేలో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు.

"ఏమ్మే సుంకమ్మా, ఈ ఎండలో కుక్కనెత్తుకొని యాడికి?"

"పురుగు ముట్టింది. పట్నానికి."

"నీ వయసేంది, నువ్వు చేసే పనేంది?" అన్నారు. మళ్ళీ కలుపులో పడ్డారు.

"కదలొద్దు తల్లీ. నేను నడుస్తా."

రెండో గుట్ట మలుపులో కలింగర పుచ్చకాయల బండి ఎదురైంది. బండాయన ఎద్దుల్ని పక్కకు తోలి దోవిచ్చాడు. దుప్పట్లోకి తొంగి చూసి, "పాపం" అన్నాడు. బండి సాగిపోయింది.

"కదలొద్దు తల్లీ. నేను నడుస్తా." ఆ మాట చుక్కకు తప్ప ఎవరికీ వినపడేంత లేదు.

వంక దగ్గర, ఉప్పుమూటలు మోసే దస్తగిరి నీళ్ళు తాగుతున్నాడు. సుంకమ్మ నీళ్ళలో కాలు పెట్టింది, తూలింది. దస్తగిరి లేచొచ్చాడు. ఏమైందని అడగలేదు.

"ఇట్లియ్యి," అన్నాడు.

ఆమె చేతులు విడివడలేదు. అతనే ఒక్కో వేలూ మెల్లగా విడదీశాడు.

"తల కిందికి వాలనీయొద్దు," అంది సుంకమ్మ. "పరిగెత్తొద్దు, అదురుతుంది. గబగబా నడువు. గుర్రాల డాక్టరిల్లు."

ఉప్పుమూట గట్టున వదిలేసి దస్తగిరి పోయాడు. డాక్టరు సూదిమందు వేశాడు. చుక్క చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఎండ చల్లబడే వేళకు తోక కొస కొంచెం కదిలింది.

ఆ సంగతి చెప్పాలని దస్తగిరి వంకకు తిరిగొచ్చాడు. సుంకమ్మ బండరాయికి చేరగిలబడి, కాళ్ళు నీళ్ళలో పెట్టుకొని కూర్చుని ఉంది. పిలిచాడు. పలకలేదు. రెండు చేతులూ ఒళ్ళో అట్లే, ఏదో ఎత్తుకున్నట్టు ఉన్నాయి.

సంగతి తెలిసి చేలో ఆడవాళ్ళొచ్చారు. బండాయనా వచ్చాడు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అడిగుంటే మేమూ మోసేవాళ్ళం గదా," అంది.

"అడిగే ఊపిరి యాడుందమ్మా," అన్నాడు దస్తగిరి.

ఆమెను ఊరికి మోసుకుపోయేటప్పుడు మాత్రం ఎవరూ ఎవరి పిలుపుకోసమూ ఆగలేదు. ఒకరి భుజం నుంచి ఒకరు అందుకుంటూ పోయారు.

చుక్క బతికింది. మూతి ఒక పక్కకు వంకరపోయింది, అంతే. దస్తగిరి ఇంట్లో పిల్లల్ని పెట్టి, ముసలితనంతో కన్నుమూసింది.

ఇప్పటికీ ఎర్రగుట్టల కింద కుక్కకు పురుగు ముడితే దాని కాలు నేల మీద మోపనియ్యరు. దుప్పట్లో ఎత్తుకుంటారు. మోసేవాళ్ళు ఎవర్నీ అడగరు. చూసినవాళ్ళే చేతిలో పని కింద పెట్టి, దోవకు అడ్డమొచ్చి చేతులు చాపుతారు. మాటల్లేని పగవాళ్ళైనా సరే. తమ చేను గట్టు దాకా మోసి పక్క చేనువాళ్ళ చేతికిస్తారు. దాన్ని సుంకమ్మ వంతు అంటారు. ఒక్కోసారి కుక్క బతుకుతుంది, ఒక్కోసారి బతకదు. వంతు మాత్రం ఎవరూ తప్పరు.