చెప్పుల కాపరి కొన్న పంచెల జోడు

ఎప్పటి కాలమో చెప్పలేం గానీ, కొండవాగుకి ఇవతల కుందవరమని ఒక రాజ్యం ఉండేదట. ఆ రాజుగారి కొలువు గుమ్మం దగ్గర మాచన్న అనే మనిషి చెప్పులకి కాపలా ఉండేవాడు. లోపలికి పోయేవాళ్లు చెప్పులు విడిస్తే వరసగా పెట్టేవాడు. బయటికి వచ్చేవాళ్ల చెప్పులు వాళ్ల కాళ్ల ముందుంచేవాడు. పన్నెండేళ్లుగా అదే పని.

వచ్చిపోయే పరదేశులతో మాట్లాడీ మాట్లాడీ మాచన్నకి నాలుగు భాషలు పట్టుబడ్డాయి. ఎవరి దగ్గర ఎలా మసలుకోవాలో తెలిసింది. కానీ గుమ్మం దాటి లోపల కూర్చున్నది ఒక్కనాడూ లేదు. ఎప్పటికైనా కొలువులో కూర్చోవాలని అతని కోరిక.

ఇంతలో ముసలి రాయబారి ఇక తిరగలేనని పని మానుకున్నాడు. రాజుగారు కొత్తవాడి కోసం వెతగ్గా వెతగ్గా ఇద్దరు మిగిలారు. ఒకడు మంత్రిగారి బావమరిది విరూపన్న, రెండోవాడు మాచన్న.

రాజుగారు ఇద్దరికీ చెరి పది వరహాలు ఇచ్చి ఇలా అన్నారు. "వెలగదుర్గం మూడు రోజుల నడక. అక్కడి రాజుగారికి ఈ ఉత్తరం అందించండి. నా రాయబారిగా మీలో ఎవరు తగునో ఆయనే తేలుస్తారు. ఈ వరహాలతో ఒంటికి కావలసినవి కొనుక్కోండి. మీ కట్టుబట్ట చూసే కదా పై రాజ్యాలవాళ్లు నా రాజ్యాన్ని అంచనా కట్టేది."

ఉత్తరం మాత్రం విరూపన్న చేతిలోనే పెట్టారు. మంత్రిగారి బావమరిది కదా మరి.

విరూపన్న నేరుగా రత్నసెట్టి కొట్టుకి పోయాడు. రత్నసెట్టి మాట పొడుగు, గజంకర్ర పొట్టి. పది వరహాలకి తొమ్మిది వస్తువులు అంటగట్టాడు. మూడు పంచెలు, రెండు కండువాలు, ఎర్రటి జరీ తలపాగా, కిర్రుమనే చెప్పుల జోడు, రాళ్ల ఉంగరం, నడుముకి పూసల దట్టీ. విరూపన్న మురిసిపోతూ ఇంటికి పోయాడు.

తర్వాత మాచన్నా అదే కొట్టుకి వచ్చాడు. చెప్పుల సంగతి అతనికి తెలుసు గానీ గుడ్డల సంగతి తెలియదు. ఫెళఫెళలాడే తెల్ల పంచె ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. మొలలో వరహాల ముడి విప్పబోయాడు.

"ఆగు అబ్బీ," అని ఎవరో అన్నారు.

మాచన్న అటూ ఇటూ చూశాడు. కొట్టు ముందు స్తంభానికి కట్టేసి ఉన్న చాకలి పోలయ్య గాడిద తప్ప ఇంకెవరూ లేరు. దాని పేరు బూడిదన్న.

"నువ్వు మాట్లాడతావా?" అన్నాడు మాచన్న.

"మాట్లాడదగ్గ మనిషి కనపడితే మాట్లాడతాను. ఈ వీధిలో ఇన్నాళ్లూ కనపడలేదు. ఆ పంచె కొనకు."

"ఎందుకని? ఎంత దళసరిగా ఉందో చూడు."

"అది నూలు కాదు, గంజి. నాకు అక్షరం ముక్క రాదు. కానీ ఈ ఊరి బట్టలన్నీ నా వీపు మీదే రేవుకి పోతాయి, నా వీపు మీదే తిరిగొస్తాయి. మంచి గుడ్డ పోయిన బరువుతోనే వస్తుంది. సెట్టి అమ్మిన కొత్త గుడ్డ పోయేటప్పుడు బండరాయి, వచ్చేటప్పుడు బూరుగుదూది."

మాచన్నకి అనుమానం వచ్చింది. "నీకు సెట్టి మీద ఏదో కోపం ఉన్నట్టుందే," అన్నాడు.

"ఉంది," అంది బూడిదన్న. "ఏడేళ్ల కిందట ఈ స్తంభానికి వీపు గోక్కుంటుంటే గజంకర్రతో కొట్టాడు. బుధవారం పొద్దున, మూడు దెబ్బలు. నేను చచ్చేదాకా మరవను. అయినా కోపం కోపమే, బరువు బరువే. నా మాట నమ్మొద్దులే. పంచె కొసని అరచేతుల మధ్య పెట్టి నులుము, తెలుస్తుంది."

మాచన్న నులిమాడు. బియ్యప్పిండి రాలినట్టు తెల్లటి పొడి రాలింది. నులిమిన చోటు ఎండకి ఎత్తి పట్టాడు. అందులోంచి రత్నసెట్టి, అతని తక్కెడ, తక్కెడ మీది ఈగ కూడా కనపడ్డాయి.

"పంచెని నులమకూడదు నాయనా, కట్టుకోవాలి," అన్నాడు సెట్టి.

"కట్టుకున్నాక కూర్చోవాలి కదా సెట్టిగారూ," అని మాచన్న పంచె మడిచి ఇచ్చేశాడు.

అక్కణ్ణించి నేతగాళ్ల వీధికి పోయాడు. ఓబయ్య అనే ముసలి నేతగాడి మగ్గం దగ్గర పంచెల జోడు ఒకటి చూశాడు. నులిమితే పొడి రాలలేదు. తిరగేస్తే అంచు లోపలివైపూ బయటివైపు లాగే ఉంది. ధర విని మాచన్న నోరు తెరిచాడు.

"తక్కువలో కావాలంటే తక్కువగానే నేస్తా," అన్నాడు ఓబయ్య. "తక్కువ రోజులే కడతావు. నీ ఇష్టం."

మాచన్న ఆ జోడే కొన్నాడు. తర్వాత తలపాగా కోసం నాలుగు కొట్లు తిరిగాడు. ప్రతిచోటా బొటనవేలు తడిపి గుడ్డ మీద రుద్దాడు. మూడు కొట్లలో వేలు ఎర్రబడింది. నాలుగో కొట్టులో రంగు అంటలేదు, అదే కొన్నాడు. చెప్పులు ఎంచడం అతనికి ఒకరు నేర్పాలా? అడుగు తిప్పి కుట్టు చూశాడు, ముక్కుని మడమ దాకా వంచి చూశాడు, తొడుక్కున్నాడు. అంతటితో పది వరహాలూ అయిపోయాయి.

బయలుదేరే రోజున విరూపన్న మెరిసిపోతూ వచ్చాడు. "ఏం మాచన్నా, పది వరహాలకి వచ్చింది ఇంతేనా? రాజుగారిని చూడ్డానికి పోతున్నావా, పేడ ఎత్తడానికి పోతున్నావా?" అన్నాడు.

"ముందు నడవడానికి పోతున్నా బాబూ," అన్నాడు మాచన్న.

మొదటి రోజు వాన పట్టుకుంది. విరూపన్న తలపాగాని మూటలో దాచుకున్నాడు గానీ పంచెని ఎక్కడ దాచుకుంటాడు? గంజి కాళ్ల వెంట పాలలా కారింది. పంచె దోమతెర అయింది. దాని మీద రెండోది కట్టాడు, దాని మీద మూడోది కట్టాడు. మూడూ కలిసినా ఒక పంచె కాలేదు.

రెండో రోజు రాళ్ల దారి. కిర్రుచెప్పులు కప్పల్లా నోళ్లు తెరిచాయి. లోపల కుక్కిన తాటాకు ముక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. విరూపన్న రెండు కండువాలూ చించి కాళ్లకి చుట్టుకున్నాడు. ఉంగరంలో రాళ్లు, దట్టీకి పూసలు ఎక్కడ రాలాయో అతనికే తెలియదు.

మూడో రోజు ఎండ కాసింది. కోట కనపడగానే విరూపన్న దాచిన జరీ తలపాగా తీసి దర్జాగా చుట్టాడు. కోట చేరేసరికి చెమటకి దాని రంగంతా కారి మొహం, మెడ, మీసాలు ఎర్రగా అయ్యాయి.

కోట వాకిట భటుడు అతన్ని ఎగాదిగా చూసి, "జాతర ఎల్లుండి కదయ్యా, ఇవాళే వేషం కట్టావేం?" అని దోసెడు బియ్యం తెచ్చి ఇచ్చాడు.

విరూపన్న ఆ బియ్యం పట్టుకుని గోడ చాటున కూలబడ్డాడు. ఉత్తరం తీసి మాచన్న ముందు పెట్టాడు. "నేను లోపలికి రాలేను. నువ్వే పో. నువ్వే రాయబారివి అవుతావు," అన్నాడు.

మాచన్న ఉత్తరం తీసుకున్నాడు. గుమ్మం ఎదురుగానే ఉంది. ఒక్కడే లోపలికి పోతే పోటీ కూడా లేదు. పన్నెండేళ్ల కోరిక ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆ అడుగు వెయ్యబోయి ఆగాడు, వెనక్కి వచ్చాడు. మూటలోంచి జోడులోని రెండో పంచె తీశాడు.

"మొహం కడుక్కుని ఇది కట్టుకోండి. రాజుగారు పంపింది ఇద్దర్ని. నేనొక్కణ్ణే పోతే మన రాజ్యం సగమే వచ్చినట్టు ఉంటుంది."

"నేనే గెలిస్తే?"

"గెలిస్తే గెలవండి. మనవాడు వీధిలో జాతర బియ్యం తీసుకోవడం మాత్రం నేను చూడలేను."

ఇద్దరూ కొలువుకి వెళ్లారు. వెలగదుర్గం రాజు ఉత్తరం చదివి, ఇద్దరినీ తల నుంచి కాళ్ల దాకా చూశాడు. రెండు పంచెల అంచులూ పట్టుకుని తిరగేశాడు.

"రెండూ ఒకే మగ్గం మీద నేసినవి. చక్కని నేత. వీటిని ఎంచి కొన్నది మీలో ఎవరు?"

మాచన్న తల వంచి పంచె కుచ్చిళ్లు సర్దుకున్నాడు. నేనే అంటే విరూపన్నని అందరి ముందూ వీధిలోకి ఈడ్చినట్టే. విరూపన్న తన కాళ్ల వైపు చూసుకున్నాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఎంచింది ఈయన ప్రభూ," అన్నాడు. "నేను ఎంచినవి దారి పొడుగునా రాలిపోయాయి."

కొలువంతా నవ్వింది. విరూపన్నా నవ్వాడు. రాజు తివాచీ మీద కాస్త జరిగి, తన పక్కన చోటు చూపించాడు.

"కూర్చో నాయనా. గుడ్డని ఇంత శ్రద్ధగా ఎంచినవాడు మాటనీ ఎంచే మాట్లాడతాడు. దాచుకోదగ్గ పంచెని పోటీదారుకి కట్టబెట్టినవాడు తన రాజు పరువూ కాపాడతాడు. కుందవరం రాయబారివి నువ్వే." తర్వాత విరూపన్న వైపు తిరిగి, "నిజం చెప్పావు కనక తిరుగు ప్రయాణానికి మంచి చెప్పులు ఇప్పిస్తాను. ఎంచడం మాత్రం ఇతనికి వదిలెయ్," అన్నాడు.

మాచన్న కొలువులో, రాజుగారి పక్కన, నిండుగా కూర్చున్నాడు.

నీతి: మెరుపు చూసి తొమ్మిది కొనేకన్నా, తిరగేసి నేత చూసి మూడు కొనుక్కోండి, అవి మీ పరువు కాపాడతాయి, అవసరమైతే పక్కవాడి పరువూ కాపాడతాయి.