ఖాళీ గడి మహారాజు

మణికంధర భూపతికి ఓ పొద్దున్న దానబుద్ధి పుట్టింది. పుట్టిందంటే ఇక ఆగదు కదా!

"మన కొలువులో కంప్యూటర్లన్నీ ఓపెన్ సోర్స్ మీదే నడుస్తున్నాయట. లోపలి గుట్టంతా విప్పి చూపించి, ఊరికే వాడుకోమని ఇస్తారట! వాళ్ళలో ఒకరికి బంగారు సంచీ ఇస్తాను. ఎవరికివ్వాలి?"

సలహాదారు గంభీరరాయుడు మీసం దువ్వుతూ లేచాడు. "ఇంకెవరికి ప్రభూ! తెర మీద తమరి బొమ్మకి కిరీటం తళతళలాడించే 'కిరీటశోభ'కి. పొద్దున్న లేస్తే జనం దాన్నే చూస్తున్నారు!"

రాజుగారు ఉబ్బిపోయారు.

విదూషకుడు పుల్లన్నకి వరాలమ్మ గుర్తొచ్చింది. తెలుగు అక్షరాలు తెర మీద కనబడేలా చేసేది 'అచ్చరం' అనే ప్రోగ్రాం. దాన్ని చూసుకునే వరాలమ్మ మొన్ననే అంది, "ఇక నావల్ల కాదు పుల్లన్నా, పిల్లల్ని సాకాలి, మానేస్తున్నా" అని.

"వరాలమ్మకివ్వండి ప్రభూ!"

"ఎవరా వరాలమ్మ? పేరైనా వినలేదే!" రాయుడు పకపకా నవ్వాడు. "ఓడితే మీసం తీయించుకుంటావేంట్రా?"

"తమరు ఓడితే తమరూనా అండీ?"

"ఓ!"

"అయితే ఎవరి పని ముఖ్యమో తేలుస్తాను, పున్నమి కొలువు దాకా కంప్యూటర్ల గది తాళం నాకిప్పించండి ప్రభూ."

పున్నమి రానే వచ్చింది. ఆ కొలువులో ఓ ఆచారం. తెర మీది బిరుదులన్నీ భటుడు నూకరాజు గొంతెత్తి చదివితేగానీ రాజు కూర్చోకూడదు. ఉన్నది ఉన్నట్టు చదవాలి. మాట మార్చాడా, కొరడా దెబ్బలే!

నూకరాజు తెర చూశాడు. కొరడా గుర్తొచ్చింది.

"ఖాళీ గడి! ఖాళీ గడి! ఖాళీ గడి! పక్కనే... ఇంకో ఖాళీ గడి!"

కూర్చోబోయిన రాజుగారు వంగినవారు వంగినట్టే ఆగిపోయారు.

"ఒరేయ్! నా బిరుదులేవిరా?"

పుల్లన్న చేతులు కట్టుకున్నాడు.

"ఎక్కడికీ పోలేదు ప్రభూ. వాటిని తెలుగులో చూపించే వరాలమ్మ 'అచ్చరా'నికి ఈ పూట సెలవిచ్చాను, అక్షరాల చోట గడులు మిగిలాయి."

రాయుడు గయ్యిమన్నాడు. "ఇదేం గొప్ప? మా కిరీటశోభకి సెలవిచ్చి చూడు, ఊరంతా గగ్గోలు పెడుతుంది!"

"దానికి పందెం కాసిన సాయంత్రమే సెలవిచ్చానండీ. ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. తమరితో సహా!"

రాజుగారు నవ్వీ నవ్వీ, బిరుదులు లేకుండానే సింహాసనంలో కూలబడ్డారు.

"బంగారు సంచీ వరాలమ్మకి! పట్టుశాలువా పుల్లన్నకి! ఒరేయ్ నూకరాజూ, రాయుడుగారికి మంగలిని పిలువు!"