మడ అడవి మాటలకు నూకాలు చెప్పిన అర్థాలు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది, కన్నా. పీతలు పట్టి అమ్ముకునేది. ఊరి పక్కనే ఉప్పునీటి బురదలో మడ అడవి ఉండేది. సముద్రం పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీయగానే నూకాలు అందులోకి దిగేది. బొరియలో చెయ్యి పెట్టిందంటే పీత బయటికి రావలసిందే.

ఒకరోజు రొయ్యల చెరువుల ఆసామి వీర్రాజు కాగితం పట్టుకొచ్చాడు. "ఈ మడచెట్లు కొట్టేసి చెరువులు తవ్వుతాం. ఊరంతా ఒప్పుకున్నట్టు వేలిముద్రలు కావాలి, నువ్వూ వెయ్యి" అన్నాడు.

నూకాలు చేతులు వెనక్కి పెట్టుకుంది. "వెయ్యను" అంది.

ఆ తర్వాత చెట్లు పెకలించడానికి పొక్లెయిను వచ్చింది. నూకాలు వెళ్ళి దాని ముందు బురదలో కూర్చుంది. లోపల భయమే. ఊళ్ళోవాళ్ళు గట్టు మీదే నిలబడ్డారు, ఒక్కరూ దిగలేదు. అయినా పొద్దు వాలేదాకా ఆమె లేవలేదు. చూసి చూసి డ్రైవరు బండి వెనక్కి తిప్పేశాడు.

అప్పుడు ఈ తగువు తేల్చడానికి పట్నం నించి ఒక ఆఫీసరమ్మ వచ్చి, బళ్ళో మీటింగు పెట్టింది. వీర్రాజు నవ్వుతూ లేచాడు.

"ఈవిడకి సంతకమే రాదు మేడం. ఆహార గొలుసు, జీవవైవిధ్యం, పర్యావరణం... వీటికి అర్థం అడగండి."

నూకాలుకి చెవులు వేడెక్కాయి. కానీ తల దించలేదు. "ఆ మాటలు నాకు రావు. అవేంటో మీరు చెప్పండమ్మా. నాకు తెలిసినవో కాదో నేను చెప్తాను" అంది.

"ఒక ప్రాణిని ఇంకోటి తిని బతకడమే ఆహార గొలుసు" అంది ఆఫీసరమ్మ.

"అదా! రాలిన మడాకు కుళ్ళితే పురుగు తింటది. పురుగుని రొయ్యపిల్ల, రొయ్యపిల్లని చేప. చేపని కొంగా తింటది, నేనూ తింటాను. ఆకు రాలకపోతే నా పొయ్యి వెలగదు."

"ఒకేచోట రకరకాల ప్రాణులుంటే జీవవైవిధ్యం."

"మా మడలో చేపలు పట్టి తినే నీటిపిల్లి ఉంది, నత్తలున్నాయి, పీతలైతే ఎన్ని రకాలో. ఆయన చెరువులో రొయ్య ఒక్కటే. దానికి తెగులొస్తే ఇంకేముంటది?"

"మన చుట్టూ ఉన్న గాలీ, నీరూ, నేలా, ప్రాణులూ అన్నీ కలిపి పర్యావరణం."

నూకాలు మెల్లగా అంది. "పెద్ద తుఫానప్పుడు మా అమ్మ నన్ను చీరతో మడచెట్టుకి కట్టింది. ఉప్పెన ఆ చెట్ల దాకా వచ్చి నీరసించిపోయింది. పక్క ఊరివాళ్ళు అంతకుముందే వాళ్ళ మడచెట్లు కొట్టేసుకున్నారు, ఇప్పుడా ఊరు లేదు. నా చుట్టూ ఏముందో నాకు తెలుసమ్మా."

అప్పుడు వెనకనించి ఒక ముసలాయన లేచాడు. "నేనూ వెయ్యను వేలిముద్ర" అన్నాడు. ఆ తర్వాత ఒక బాలింత లేచింది. ఆ తర్వాత ఊరంతా లేచింది.

ఆఫీసరమ్మ కలం తీసి, ఇక్కడ చెరువు తవ్వకూడదని రాసేసింది.

వీర్రాజు కండువా దులుపుకున్నాడు. "ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు" అన్నాడు.

"ఆ ఊరి పేరు చెప్పి వెళ్ళు" అంది నూకాలు. "అక్కడి బురదలోనూ కూర్చుంటాను."

కథ నడిచె కంచికి,
కన్నా, చేరు మంచానికి,
కునుకు రానీ కంటికి.