పళ్ళెంలో పడని కాసులు

సుత్తి పట్టబోయే ముందు గురువుగారి కుడి అరచేతికి పొడిబూడిద రాయడం పద్నాలుగేళ్ళపాటు నా నిత్యకృత్యం. ఇప్పుడు ఎవరి చేతికీ రాయడం లేదు.

మా సంస్థానపు టంకశాలలో ఆ గురువు కాళాచారిగారు రాగి కాసులు ముద్రించేవారు. కింది అచ్చు మీద నేను ముద్ర లేని రాగి బిళ్ళ పెట్టేవాణ్ణి. ఆయన ఎడమచేత్తో పైఅచ్చును దాని మీద ఆనించి, కుడిచేత్తో సుత్తి దెబ్బ వేసేవారు. కింది అచ్చులో ఏనుగు, పైఅచ్చులో తామర. దెబ్బ పడగానే కాసు తీసి మరో బిళ్ళ పెట్టడం నా వంతు.

పద్నాలుగో ఏడు వానాకాలంలో, బూడిద రాస్తూండగా, ఆ అరచెయ్యి వణుకుతున్నదని నాకు తెలిసింది.

చెడిన కాసులను సాయంత్రం తనిఖీ పళ్ళెంలో వేయాలి. అవి ఎక్కువైతే సుత్తి మరొకరి చేతికి వెళుతుంది. అందుచేత వాటిని మొలలో దోపుకుని ఇంటికి తీసుకుపోయేవాణ్ణి. లెక్క తగ్గకుండా అంతే తూకం రాగి కొని మర్నాడు టంకశాలలో కరిగించే మూసలో వేసేవాణ్ణి. గురువును కాపాడుతున్నాననుకున్నాను. ఆ తలపులో కొంత గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

వింత నాణేలు సేకరించే కేసరీమల్ సేటు ఎలాగో ఈ సంగతి పసిగట్టాడు. రెండువైపులా ఏనుగే ఉన్న కాసును చూసి, "దీనికి పది వెండి రూపాయలిస్తాను" అన్నాడు. అమ్మితే గురువుగారి వణుకును అంగట్లో పెట్టినట్టవుతుంది. కరిగిస్తే ఆయన చేతిపనిని చెరిపివేసినట్టవుతుంది. ఏమీ తోచక, దాచిన కాసుల మూటను గురువుగారి ముందే విప్పాను.

"ఓహో, చిదంబరం! నాకు తెలియకుండా రెండో టంకశాల పెట్టావన్నమాట" అన్నారు.

నేను తల ఎత్తలేదు. "ఇవి దాచుకోదగినవేనా, గురువుగారూ?"

ఆయన ఒక కాసు తీసి కిటికీ వెలుతురుకు పట్టారు. "ఒకపక్క తామర రేకులు లేవు. దెబ్బ ఏటవాలుగా పడింది. ఇది నా చెయ్యి." దాన్ని చాప మీద ఎడమవైపు పెట్టారు.

మరొకటి తీశారు. "ఏనుగు సగమే ఉంది. బిళ్ళను నడిమికి పెట్టలేదు. ఇది నీ చెయ్యి." దాన్ని కుడివైపు పెట్టారు.

సేటు అడిగిన కాసును మాత్రం రెండు మూడుసార్లు తిప్పి చూశారు. "ఒకవైపు ఏనుగు ఉబికి ఉంది. రెండోవైపు అదే ఏనుగు లోపలికి దిగి, ఎదురుదిక్కుకు తిరిగి ఉంది. ముందు కొట్టిన కాసు పైఅచ్చుకే అంటుకుపోయింది. అది కింద లేదని గమనించకుండా నువ్వు కొత్త బిళ్ళ పెట్టావు. నా అచ్చు బదులు ఆ కాసే దీని మీద పడింది."

దాన్నీ కుడివైపే పెట్టారు.

"అప్పుడు నువ్వెటు చూస్తున్నావు?"

"మీ చేతివైపు" అన్నాను.

కాసులన్నీ వేరయ్యాయి. ఎడమవైపు తొమ్మిది. కుడివైపు ఇరవై ఆరు.

"దాచుకోవచ్చు" అన్నారు, "చూడడం పూర్తయ్యేదాకా."

చాలాసేపు చూశాను. తరువాత ముప్పై అయిదింటినీ నేనే మూసలో వేశాను. సేటు అడిగిన కాసు అన్నిటికంటే చివర పడింది.

మర్నాడు, ఆయన జ్వరాన పడకముందు మాకు మిగిలిన ఒకే ఒక పనిదినాన, గురువుగారు వచ్చి నా పీట మీద కూర్చున్నారు. తనిఖీదారుతో ఆయనే చెప్పారు: "ఇవాళ్టినుంచి సుత్తి వీడిది. బిళ్ళలు నేను పెడతాను. నా ఎడమచెయ్యి ఇంకా నిలకడగానే ఉంది."

పట్టకారు కూడా లేకుండా, వేళ్ళతోనే బిళ్ళను అచ్చు మీద ఉంచారు. నేను పైఅచ్చును ఆనించి సుత్తి ఎత్తాను గాని, దించలేకపోయాను.

"మీ వేళ్ళు, గురువుగారూ…"

"పద్నాలుగేళ్ళు నీ వేళ్ళు నా సుత్తి పక్కనే ఉన్నాయి. నేనెప్పుడైనా వాటిని చూశానురా? అచ్చు చూడు."

కొట్టాను. ఆయన కాసు తీసి మరో బిళ్ళ పెట్టారు. మధ్యాహ్నం గంట మోగేదాకా ఆయన పెడుతూనే ఉన్నారు, నేను కొడుతూనే ఉన్నాను.